సైకిల్ యాత్రను పుస్తకంగా సొంతంగా వేసుకుని పాఠకుల చేతికి చేర్చడం ఎలా?

గోదావరి పుట్టిన త్రయంబకం నుంచి అది సముద్రంలో కలిసే అంతర్వేది దాకా సైకిల్ మీద వెళ్లాను. ఆ ప్రయాణాన్ని రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించుకున్నాను. అప్పటినుంచి ఏ సైకిల్ మిత్రుడు కలిసినా రెండే ప్రశ్నలు. "మా యాత్ర గురించి మేమూ రాసుకున్నాం, దాన్ని పుస్తకం చేయడం ఎలా? చేస్తే కొనేదెవరు?" ఒక్కొక్కరికి ఫోనులో సగం సగం చెప్పడం కంటే అంతా ఒకచోట వరుసగా రాయడం మేలనిపించింది.

రెండో ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను, ఎందుకంటే దాన్నిబట్టే మిగతా పనులన్నీ సాగాలి. మీ పుస్తకాన్ని మొదట కొనేది మీరు తొక్కిన దారి మీద ఉన్నవాళ్లు, ఆ దారి అంటే ఇష్టం ఉన్నవాళ్లు. సైకిల్ తొక్కేవాళ్లు ఆ తర్వాత వస్తారు. నేను ఇది ఆలస్యంగా తెలుసుకున్నాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- ప్రయాణంలో ఏ రోజుకారోజు రాసుకున్న నోటుపుస్తకం. అది లేకపోతే ఇంటికి ఫోను చేసి చెప్పిన కబుర్లు, పంపిన సందేశాలు వెతికి పట్టుకోండి.
- ఫోటోల అసలు ఫైళ్లు. వాట్సాప్‌లో తిరిగి వచ్చినవి అచ్చుకు పనికిరావు.
- దూరాలు, ఎత్తులు నమోదైన యాప్ రికార్డు.
- రాతప్రతి చదివిపెట్టే ఇద్దరు. వారిలో ఒకరు జన్మలో సైకిల్ యాత్ర చేయనివారై ఉండాలి.
- ప్రూఫులు దిద్దే మనిషి, డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టడం) చేసేవారు, అట్ట బొమ్మ వేసేవారు.
- ఆరు నెలల వ్యవధి. తిరిగి రాకపోయినా ఇల్లు ఇబ్బంది పడనంత డబ్బు. అప్పు చేసి మాత్రం పుస్తకం వేయకండి.

1. కిలోమీటర్ల లెక్క తీసేసి చదవండి

నా మొదటి రాతప్రతి ఇలా ఉండేది: "ఉదయం 5.40కి బయలుదేరాను. 11 గంటలకు 70 కిలోమీటర్లు పూర్తయ్యాయి. టిఫిన్ చేశాను. ఎదురుగాలి ఎక్కువగా ఉంది." పేజీల కొద్దీ ఇదే. చదివిపెట్టిన మిత్రురాలు ఒక్క మాట అడిగారు: "ఇంత దూరం వెళ్లారు కదా, మీకు ఎవరూ కనిపించలేదా?"

కనిపించారు. చివరి రోజు నరసాపురం రేవులో సైకిల్‌ను నది దాటించే పంటు మీదకు ఎక్కించాను. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి. ఖాళీ చేపల తట్ట పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ, పంటు ఊగినప్పుడల్లా నా సైకిల్ పడిపోకుండా హ్యాండిల్‌ను ఒక చేత్తో పట్టుకుంది. ఎక్కడినుంచి వస్తున్నానో చెప్పాను. కాసేపు నీళ్లకేసి చూసి, "అక్కడా ఈ నీళ్లేనా నాయనా?" అని అడిగింది. ఆ రోజు ఎన్ని కిలోమీటర్లు తొక్కానో నోటుపుస్తకంలో ఉంది, ఆమె మాట లేదు. పుస్తకంలో ఆమె మాట ఉంది, ఆ అంకె లేదు.

చేయాల్సింది ఇది. రాతప్రతిలో దూరం, వేగం, సమయం ఉన్న ప్రతి వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీయండి. గీతలు పడని వాక్యాలు మాత్రమే చదివి, అధ్యాయం నిలుస్తుందో లేదో చూడండి. నిలవకపోతే ఆ అధ్యాయం ఇంకా రాయలేదని అర్థం. అంకెలు కావాలనుకునే సైక్లిస్టుల కోసం పుస్తకం చివర ఒక పట్టిక ఇవ్వండి: తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, దూరం, బస. రెండు పేజీలు చాలు.

2. నిజాలు సరిచూసుకోండి, అనుమతులు తీసుకోండి

ఊరి పేర్లలో తప్పు ఉంటే ఆ ఊరివాళ్లు క్షమించరు, క్షమించాల్సిన పనీ లేదు. మహారాష్ట్రలోని పైఠణ్, గంగాఖేడ్ వంటి పేర్లను మరాఠీ తెలిసినవారి చేత పలికించుకుని రాయండి. దారి గురించి చెప్పేటప్పుడు చిన్న మినహాయింపు కూడా దాచకండి. "గోదావరి వెంటే" అని గొప్పగా రాసుకున్నా, భద్రాచలం దాటాక పాపికొండల మధ్య నది వెంట సాగే రోడ్డు లేదు. నేను చింతూరు, మారేడుమిల్లి ఘాట్, రంపచోడవరం మీదుగా రాజమహేంద్రవరం చేరాను. నదిని విడిచి వెళ్లానని పుస్తకంలో స్పష్టంగా రాశాను. ఆ రోజుల్లో నదిని చూడలేకపోయిన వెలితి గురించి రాసిన అధ్యాయమే ఎక్కువమందికి నచ్చింది.

మీకు అన్నం పెట్టినవారి పేరు, ఫోటో వేసేముందు ఫోను చేసి అడగండి. దొరకకపోతే పేరు మార్చండి. సినిమా పాటల చరణాలను అధ్యాయాల తలమీద పెట్టే అలవాటు చాలామందికి ఉంది. వాటికి హక్కుదారులు ఉంటారు కాబట్టి తీసేయండి.

3. యూనికోడ్‌లో టైపు చేయండి, మార్పిడి తప్పులను కనిపెట్టండి

అందరూ దెబ్బతినే చోటు ఇది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మనం ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ టైపు చేసేది యూనికోడ్. చాలా డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతిలో, అను ఫాంట్లలోనే పేజీలు కడతారు. మీ పాఠాన్ని వాళ్లు అనులోకి మార్చేటప్పుడు కొన్ని అక్షరాలు చెదురుతాయి. నా మొదటి ప్రూఫులో "సైకిల్‌పై" అని ఉండాల్సిన ప్రతిచోటా "సైకిల్పై" అని వచ్చింది. "నాసిక్‌లో" కాస్తా "నాసిక్లో" అయింది. పొల్లు అక్షరానికీ దాని తర్వాతి హల్లుకూ మధ్య కంటికి కనపడని విభజన గుర్తు ఒకటి ఉంటుంది. మార్పిడిలో అది రాలిపోతే రెండు హల్లులూ అతుక్కుని ఒత్తు పడుతుంది. సైకిల్ పుస్తకం నిండా ట్యూబ్, బ్రేక్, పెడల్ వంటి మాటలే కాబట్టి ఈ దెబ్బ మనకే ఎక్కువ.

దీనికి రెండు మార్గాలున్నాయి. యూనికోడ్ ఫాంటుతో ఇన్‌డిజైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేరుగా పేజీలు కట్టేవారిని వెతకండి. మండలి, ఎన్టీఆర్, సురన్న వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరికను ఎంచుకున్నారో లేదో అడగండి, లేకపోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అలాంటివారు దొరకకపోతే రాతలోనే జాగ్రత్త పడండి. "సైకిలు మీద", "ట్యూబులో", "బ్రేకుకు" అని తెలుగు ఉకారం చేర్చి రాస్తే అతుక్కునే సమస్యే రాదు. చదవడానికీ హాయిగా ఉంటుంది.

యూనికోడ్ ప్రతిని మాత్రం పారేయకండి. రేపు డిజిటల్ పుస్తకం చేయాలంటే అదే కావాలి. ప్రూఫులో దిద్దిన తప్పులను ఆ ప్రతిలోనూ దిద్దుతూ ఉండండి.

4. ప్రూఫులు మూడుసార్లు చూడండి

మొదటిసారి డబ్బిచ్చి పెట్టుకున్న ప్రూఫ్‌రీడర్, రెండోసారి మీరు, మూడోసారి కథ అసలు తెలియని మనిషి. మీరు చూసేటప్పుడు కాగితం మీదే, పైకి చదువుతూ చూడండి. కంటికి తప్పిపోయిన మాట నాలుకకు తగులుతుంది. ఒక సూచన: చివరి అధ్యాయం నుంచి వెనక్కి రండి. ముందునుంచి చదివితే కథలో పడిపోయి ణ-న, శ-ష తేడాలు జారిపోతాయి.

ప్రూఫ్‌రీడర్‌కు డబ్బు మిగుల్చుకుందామని చూడకండి. అట్ట ఖర్చు తగ్గించుకుని అయినా ఆయనకు ఇవ్వండి.

5. పుస్తకం కొలత, కాగితం

యాత్రా పుస్తకానికి డెమ్మీ సైజు, అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు సరిపోతుంది. నా పుస్తకంలో పేజీకి దాదాపు 190 మాటలు పట్టాయి. ఆ లెక్కన మీ మాటల సంఖ్యను భాగిస్తే పేజీల అంచనా వస్తుంది.

అచ్చులో పేజీలను ఫారాలుగా లెక్కిస్తారు. ఫారానికి 16 పేజీలు. 208 పేజీలంటే సరిగ్గా 13 ఫారాలు. మీది 212 వచ్చిందనుకోండి, ఆ నాలుగు పేజీల కోసం మరో ఫారం మొదలవుతుంది. నాలుగు పేజీలు కత్తిరించండి. కత్తిరించదగ్గ నాలుగు పేజీలు లేని యాత్రా పుస్తకాన్ని నేనింతవరకు చూడలేదు.

కాగితం ఎంచుకునేటప్పుడు తపాలా ఖర్చునూ గుర్తుంచుకోవాలి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితం మీద 208 పేజీల డెమ్మీ పుస్తకం అట్టతో కలిపి సుమారు 240 గ్రాములు తూగుతుంది. కవరులో పెట్టినా 300 గ్రాముల లోపే ఉంటుంది. 80 జీఎస్ఎం వాడితే 270 దాటుతుంది, ప్యాకింగ్‌తో హద్దు మీదకు వస్తుంది. ఆ 300 గ్రాముల సంగతి పదకొండో మెట్టులో చెబుతాను.

6. ఫోటోలు, పటం

అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. అంటే 5 అంగుళాల వెడల్పు ఫోటోకు అడ్డంగా 1500 పిక్సెళ్లు తప్పనిసరి. రంగుల ఫోటోలన్నిటినీ మధ్యలో 8 లేదా 16 పేజీల ఆర్ట్ పేపరు మీద ఒకచోట వేస్తే ఖర్చు తగ్గుతుంది. లోపలి పేజీల్లో నలుపు తెలుపు ఫోటోలు వేస్తే వాటిని కాస్త వెలుతురు పెంచి ఇవ్వండి. లోపలి పేజీలకు వాడే మ్యాప్‌లితో కాగితం సిరా పీల్చి బొమ్మను ముదురు చేస్తుంది.

పటం విషయంలో జాగ్రత్త. సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోలని దేశ సరిహద్దులు అచ్చు వేయడం చట్టరీత్యా నేరం. విదేశీ వెబ్‌సైట్ల నుంచి దించుకున్న దేశపటంతో ఈ చిక్కు వస్తుంది. దేశపటం అసలు వద్దు. నది గీత, దాని పక్కన మీ దారి గీత, పది పన్నెండు ఊర్ల పేర్లు చాలు. బొమ్మలు వేసే మిత్రుడి చేత గీయించుకుంటే ఇంకా అందంగా ఉంటుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా గీస్తే ఆ పేరును కింద పేర్కొనాలి.

7. ఐఎస్‌బీఎన్ తీసుకోండి

ఐఎస్‌బీఎన్ అంటే ప్రతి పుస్తకానికీ విడిగా ఉండే 13 అంకెల గుర్తింపు సంఖ్య. మన దేశంలో ఈ సంఖ్యను రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయితలు కూడా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. "ఐఎస్‌బీఎన్‌కు ఇంత" అని డబ్బు అడిగేవారు అడుగుతున్నది సంఖ్యకు కాదు, తమ శ్రమకు. ఇవ్వాలా వద్దా మీ ఇష్టం. కానీ సంఖ్య వాళ్ల పేరు మీద తీసుకుంటే ప్రచురణకర్త వాళ్లే అవుతారని గుర్తుంచుకోండి. అచ్చు పుస్తకానికి ఒకటి, డిజిటల్ పుస్తకానికి మరొకటి కావాలి.

సంఖ్య సరిగ్గా ఎక్కిందో లేదో ఇలా చూసుకోండి. 13 అంకెలనూ వరుసగా 1, 3, 1, 3 చొప్పున గుణించి కూడండి. మొత్తం చివర సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో ఒక అంకె తప్పింది.

పుస్తకం రెండో పేజీలో ప్రచురణకర్త పేరు, చిరునామా, ముద్రణాలయం పేరు, సంవత్సరం, వెల తప్పక ఉండాలి.

8. ఎన్ని ప్రతులు? ఎక్కడ?

మొదటి ముద్రణ 300 దాటవద్దు. అంత తక్కువకు డిజిటల్ ప్రెస్ చాలు. 500, 1000 వేస్తే ప్రతికి ఖర్చు తగ్గుతుందని ప్రెస్సువారు చెప్పేది నిజమే. కానీ అటక మీద మిగిలిపోయే 600 ప్రతులకు పెట్టిన డబ్బు కూడా మీదే. పోతి, నోషన్ ప్రెస్ వంటి సంస్థల్లో అడిగినప్పుడే అచ్చు వేసే పద్ధతి ఉంది. ప్రతికి ఖర్చు ఎక్కువైనా నిల్వ ఉండదు. దూర ప్రాంతాల్లో పాఠకులు ఉన్నవారికి అది నయం.

ఎవరితో ఒప్పందం చేసుకున్నా మూడు వాక్యాల కోసం వెతకండి: హక్కులు ఎవరివి, లెక్కలు ఎప్పుడు చెబుతారు, మానుకోవాలంటే ఎలా. నేను మొదట మాట్లాడిన ఒక సంస్థ ఒప్పందంలో అనువాద హక్కులు కూడా వాళ్లవేనని చిన్న అక్షరాల్లో ఉంది. లేచి వచ్చేశాను.

అన్నిటికంటే ముఖ్యం డమ్మీ ప్రతి. మొత్తం అచ్చుకు ముందు ఒక్క ప్రతి చేయించి చేతిలోకి తీసుకోండి. వెన్ను మీద పేరు నడిమికి వచ్చిందా? లోపలి మార్జిన్‌లో అక్షరాలు మునిగిపోతున్నాయా? మధ్య పేజీకి తెరిచి బల్ల మీద బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున పేజీలు వదులైతే జిగురు చాలలేదని అర్థం. సంచిలో పెట్టుకుని తిరిగే పాఠకులు మనవాళ్లు, బైండింగ్ గట్టిగా ఉండాలి.

9. వెల నిర్ణయించండి

అన్ని ఖర్చులూ కలిపి ప్రతికి 150 రూపాయలు పడిందనుకోండి. వెల 250 పెట్టి, దుకాణానికి 40 శాతం కమీషన్ ఇస్తే మీకు వచ్చేది 150. ఒక్క రూపాయి మిగలదు. ఉచితంగా ఇచ్చిన ప్రతులు, రవాణా మీ చేతి ఖర్చు. అదే ప్రతిని మీరే నేరుగా అమ్మి, తపాలాకు 35 పెట్టుకున్నా 65 మిగులుతుంది. కాబట్టి నేరు అమ్మకమే మీ బలం. దుకాణం ద్వారా పుస్తకం నలుగురి కంట పడుతుంది, అంతవరకే ఆశించండి. ఉచితంగా ఇవ్వాల్సిన 40, 50 ప్రతులను మొదటే లెక్కలో వేసుకోండి.

10. దారి మీదకు మళ్లీ వెళ్లండి

చాలామంది ఆవిష్కరణ సభకు పెద్ద హాలు, నలుగురు వక్తలు, శాలువాలు అనుకుంటారు. నేను రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ నుంచి ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం దాకా పొద్దున్నే సైకిళ్ల మీద వెళ్దామని పిలిచాను. బరాజ్ దగ్గర ఆగి, 1852లో పూర్తయిన పాత ఆనకట్ట గురించి నాలుగు మాటలు, పుస్తకం నుంచి రెండు పేజీలు. అంతే. అయ్యింది టీ ఖర్చు. ఆ పొద్దున అమ్ముడైనన్ని ప్రతులు ఆ తర్వాత ఏ సభలోనూ అమ్ముడుపోలేదు.

మీ దారిలోని ఊళ్లను వరుసగా రాసుకుని, ఒక్కో ఊరికి ఒక పని పెట్టుకోండి: అన్నం పెట్టిన ఇంటికి ఒక ప్రతి, బడి గ్రంథాలయానికి ఒక ప్రతి, ఆగిన టీ కొట్టులో చదవడానికి ఒక ప్రతి. బాసరలోనో ధర్మపురిలోనో ఒక మనిషి "మా ఊరి గురించి రాశారు" అని పది మందికి చెబితే ఆ మాటకున్న బలం ఏ ప్రకటనకూ లేదు. వెనక అట్ట లోపలి వైపు యూపీఐ క్యూఆర్ కోడ్, ఫోను నంబరు వేస్తే అడిగినవారు అక్కడికక్కడే తెప్పించుకుంటారు.

సందర్భం చూసుకోండి. గోదావరి పుష్కరాలు 2015 తర్వాత మళ్లీ 2027లో వస్తున్నాయి, ఆ నది మీద రాసినవారు దానికి ఆరు నెలల ముందే పుస్తకం చేతిలో ఉంచుకోవాలి. ఏటా జూన్ 3న ప్రపంచ సైకిల్ దినం. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడది జనవరి మొదట్లో జరుగుతాయి. స్టాల్ అద్దె ఒక్క పుస్తకంతో రాదు, సొంతంగా వేసుకున్న మరో నలుగురితో కలిసి తీసుకోండి.

సైకిల్ క్లబ్బుల దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక హెచ్చరిక. బ్రెవే (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ సవారీ) ముగిసే చోట పుస్తకాలు పెట్టుకుని కూర్చోకండి. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల గడువులో తొక్కి వచ్చిన మనిషికి కావలసింది నీళ్లు, నిద్ర. ముందు రోజు సాయంత్రం సమావేశంలో మాట్లాడండి. సైకిల్‌ను, సంచులను కూడా లోపలికి తీసుకెళ్లండి. ఆ సంచుల్లో ఏం సర్దానో విప్పి చూపించినప్పుడు వచ్చినన్ని ప్రశ్నలు మరి దేనికీ రాలేదు.

పత్రికల సమీక్షకు రెండేసి ప్రతులు, ఒక పేజీ పరిచయంతో పంపండి. రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి. రోజూ ఫోను చేయకండి.

11. పంపిణీ

2025 మే 1 నుంచి తపాలా శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ నడుపుతోంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం. అందుకే పుస్తకాన్ని 300 లోపు ఉంచమన్నాను. కవరు మీద జ్ఞాన్ పోస్ట్ అని రాసి, కౌంటర్‌లోనూ చెప్పండి. వర్షాకాలంలో ప్లాస్టిక్ పొరలో చుట్టాకే కవరులో పెట్టండి.

1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా, ముంబయి ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకు ఒక్కో ప్రతి పంపాలి. చాలామంది మరచిపోతారు. మీ పుస్తకం మీ తర్వాత కూడా ఎక్కడో ఒక అరలో ఉంటుందన్న భరోసా నాలుగు ప్రతులతో దొరుకుతోంది, పంపండి.

విదేశాల్లోని తెలుగువారు అడిగినప్పుడు ఒక్కో ప్రతి పంపితే తపాలా ఖర్చు పుస్తకం వెలను మించుతుంది. ఆ ఊరికి వెళ్లేవారెవరి చేతనైనా పదేసి ప్రతులు పంపండి, లేదా డిజిటల్ ప్రతి ఇవ్వండి.

తరచు జరిగే పొరపాట్లు

ముందుమాటలు నాలుగైదు రాయించుకోవడం. ఒకటి చాలు, అది కూడా పుస్తకం పూర్తిగా చదివినవారిది. పాఠకుడు మూడో ముందుమాట దగ్గరే పుస్తకం మూసేస్తాడు.

యాత్ర మొత్తం ఫేస్‌బుక్‌లో ముందే పెట్టేయడం. రుచి చూపడానికి నాలుగైదు ఘట్టాలు చాలు.

దుకాణాల్లో ఇచ్చిన ప్రతులకు రసీదు తీసుకోకపోవడం. ఎన్ని ప్రతులు, ఏ తేదీ, ఎంత కమీషన్ అని రాయించుకుని సంతకం పెట్టించుకోండి.

అంతా సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడం

పుస్తకం వచ్చిన మూడు నెలలకు నోటుపుస్తకం తీసి కూర్చోండి. నేరుగా అమ్మినవి, దుకాణాల్లో ఉన్నవి, ఉచితంగా ఇచ్చినవి, ఇంట్లో ఉన్నవి కలిపితే అచ్చు వేసిన సంఖ్య రావాలి. రాకపోతే రసీదులు వెతకండి. కొన్న వారిలో మీకు ముందునుంచి తెలియనివారు ఎంతమందో విడిగా లెక్కపెట్టండి. వంద మందిలో ముప్పై మందైనా అపరిచితులైతే పుస్తకం తన కాళ్ల మీద తాను నడుస్తున్నట్టే, రెండో ముద్రణ గురించి ఆలోచించవచ్చు. అందరూ బంధుమిత్రులే అయితే అచ్చు ఆపి, ఊళ్ల జాబితాతో పదో మెట్టు దగ్గరకు వెళ్లండి.

ఒక ప్రతి మీద "తప్పులు" అని రాసి బల్ల మీద ఉంచండి. పాఠకులు ఫోనులో చెప్పే ప్రతి తప్పునూ ఆ పేజీలోనే ఎర్రసిరాతో దిద్దండి. రెండో ముద్రణకు ప్రెస్సుకు ఇవ్వాల్సింది ఆ ప్రతినే.